చైతన్యపురిలో చరిత్ర పాఠం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన నేను పాఠం చెప్పిన డిగ్రీ కాలేజీలో ఇప్పుడు హిస్టరీ లేదు. బీఏలో హెచ్‌ఈపీ అనే గ్రూపు ఉండేది. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. చేరేవాళ్లు లేరని దాన్ని తీసేశారు. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక కోచింగ్ సెంటర్ హాలు ఉంది. అందులో వందల మంది పిల్లలు మోచేతులు తగులుతుండగా ఇరుక్కుని కూర్చుని శాతవాహనుల నుంచి మలిదశ తెలంగాణ ఉద్యమం దాకా రాసుకుంటున్నారు. వాళ్లు చదివేదీ హిస్టరీయే. వేలకు వేలు ఫీజు కట్టి మరీ చదువుతున్నారు. ఈ రెండూ ఒకే రోడ్డు మీద చూసినప్పటి నుంచి, ఒక కోర్సుకు డిమాండ్ లేదని తేల్చే పద్ధతిలోనే లోపం ఉందని నా నమ్మకం. ఈ వైపు ఏ చదువు ఎప్పుడు వచ్చిందో, ఎందుకు పోయిందో దగ్గరుండి చూసినదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

మలక్‌పేటకూ సరూర్‌నగర్ చెరువుకూ నడుమ దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే జాగీర్దారుకు పొలాలుండేవని, ఆయన వాటిని ప్లాట్లు చేసి అమ్మితే దిల్‌సుఖ్‌నగర్ పుట్టిందని పెద్దలు చెబుతారు. లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్‌బీ నగర్ ఆ తర్వాతి ఊరు. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా దానికి సొంత మున్సిపాలిటీ ఉండేది. ఈ రెండూ చదువుల బజార్లు కావడానికి ఎవరూ ప్రణాళిక వేయలేదు. విజయవాడ రోడ్డే ఆ పని చేసింది. ఖమ్మం, కోదాడ, సూర్యాపేట, నల్గొండ బస్సులు ఒక వైపు నుంచి, దేవరకొండ, నాగార్జునసాగర్ బస్సులు సాగర్ రోడ్డు మీదుగా ఇంకో వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కలుస్తాయి. నల్గొండ జిల్లా పిల్లవాడికి హైదరాబాద్ అంటే ముందు ఇక్కడ దిగడమే. మాదీ ఆ జిల్లానే. మా అన్నయ్య కొత్తపేటలో ఒక రేకుల గదిలో ఉండి చదివాడు. బియ్యం, కందిపప్పు, మామిడికాయ తొక్కు ఊరి నుంచి బస్సు మీద వచ్చేవి. కోఠి, నారాయణగూడల కంటే ఇక్కడ అద్దె తక్కువ. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే పొద్దుగూకేలోపు ఇల్లు చేరొచ్చు. ఈ రెండు సౌకర్యాలే మా జిల్లా వాళ్లను ఈ వైపు లాక్కొచ్చాయి.

నేను ఇక్కడ మొదట చూసిన కోర్సు టైపు. అన్నయ్య పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కి వెళ్లేవాడు. మేడ మీద పొడుగాటి గది, గోడ వెంట వరసగా రెమింగ్టన్ మెషిన్లు, చెక్క స్టూళ్లు. కొత్తగా చేరినవాళ్ల మెషిన్ మీద అక్షరాలు కనపడకుండా అట్టముక్క కప్పేవాళ్లు. గంట కాగానే వీధి కనపడేదాకా మెట్ల మీద తర్వాతి బ్యాచ్ నిలబడి ఉండేది. లోయర్ పాసైతే ఇంట్లో సంతోషం, హయ్యర్ పాసైతే సంబంధాలు, షార్ట్‌హ్యాండ్ కూడా ఉంటే సెక్రటేరియట్ కలలు. కంప్యూటర్ వచ్చాక ఆ గదులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మెషిన్లు తూకానికి పోయాయి. టైపు అవసరం మాత్రం పూర్తిగా పోలేదు. సాంకేతిక విద్యామండలి టైపు, షార్ట్‌హ్యాండ్ పరీక్షలు ఇప్పటికీ పెడుతోంది. కోర్టుల్లో టైపిస్టు ఉద్యోగానికి హయ్యర్ సర్టిఫికెట్ అడుగుతారు. నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా మెషిన్లున్న ఇన్‌స్టిట్యూట్ ఎక్కడుందని పిల్లలు నన్నే అడిగిన సందర్భాలున్నాయి.

ఆ టైపు గదుల్లోకే కంప్యూటర్లు వచ్చాయి. తొంభైల చివర్లో ఇక్కడి ప్రతి రెండో బిల్డింగ్ మీద సీ, జావా, ఒరాకిల్ అని బోర్డు ఉండేది. డిగ్రీ అయినవాళ్లందరి నోటా ఎంసీఏ. ఐసెట్ రాయడం, ఎంసీఏ చేరడం, అమెరికా పోవడం. మా కాలేజీలో మాథ్స్ బీఎస్సీ సీట్లకు రికమండేషన్లు వచ్చింది ఆ రోజుల్లోనే. ఎంసీఏకి మాథ్స్ ఉంటే మంచిదని. తర్వాత బయోటెక్నాలజీ వంతు వచ్చింది. జీనోమ్ వ్యాలీ పేరు పేపర్లలో రోజూ కనపడేసరికి, బాటనీ, జువాలజీలున్న ప్రతి కాలేజీ వాటిలో ఒకటి తీసి బయోటెక్నాలజీ పెట్టింది. ల్యాబ్ లేదు, చెప్పేవాళ్లు లేరు, బోర్డు మాత్రం ఉంది. కొన్నేళ్లకు అది చల్లారింది. అప్పటికే బీజడ్‌సీ చెప్పే పాత లెక్చరర్లు వేరే దారి చూసుకున్నారు. ఎంసీఏ సంగతీ అంతే. కంపెనీలు నేరుగా ఇంజనీరింగ్ కాలేజీలకే వెళ్లడం మొదలయ్యాక ఆ కోర్సు నీరసించింది. మూడేళ్లదాన్ని 2020 నుంచి రెండేళ్లకు కుదించారు.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తిస్థాయిలో వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు ఏడువందలకు చేరాయి. వాటిలో మా వైపు వాటా తక్కువేమీ కాదు. హయత్‌నగర్ దాటిన దగ్గర్నుంచీ, సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా గుట్టల మధ్య కాలేజీలు లేచాయి. పొద్దున ఏడున్నరకి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పసుపు బస్సులే బస్సులు. చేరేవాళ్లు తగ్గాక, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ కళ్లు తెరిచింది. వరసగా ఐదేళ్లు ముప్పై శాతం సీట్లైనా నిండని కాలేజీలు మూతపడక తప్పదన్నది. మన హైదరాబాద్ పారిశ్రామికవేత్త బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారి నాయకత్వంలో వేసిన కమిటీ కొత్త ఇంజనీరింగ్ కాలేజీలు వద్దని చెప్పింది. 2020 నుంచి కొన్నేళ్లు కొత్తవాటికి అనుమతులు ఆపారు. అది మంచి సమీక్షే. అయితే ఉన్న కాలేజీలు లోపల చేసిన మార్పును ఆ సమీక్ష ఆపలేకపోయింది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు వదులుకుని, ఆ లెక్కన కంప్యూటర్ సైన్స్ సీట్లు తెచ్చుకున్నారు. ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితినీ 2024-25 నుంచి ఎత్తేశారు. మా వైపేమో కట్టడాలు పెరుగుతూనే ఉన్నాయి. ఎల్‌బీ నగర్‌కి మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చింది. ఆ వెంటనే అదే చౌరస్తాలో అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే, ఆ ఫ్లైఓవర్ల కింద నుంచి వెళ్లే కాలేజీ బస్సుల్లో సివిల్ చదివే పిల్లలు పలచబడ్డారు. వంతెనలకు డబ్బు పెట్టే ప్రభుత్వమే వంతెనలు కట్టే చదువుకు ఆదరణ లేదని ఒప్పుకుంది. ఈ రెండు పనులూ చూసే శాఖల వాళ్లు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే బాగుండేది.

డిగ్రీ కాలేజీల్లో ఖాళీ సీట్ల లెక్క బయటపడింది 2016లో. అంతకుముందు అడ్మిషన్లు ఎవరి కాలేజీలో వాళ్లే చేసుకునేవాళ్లు. ఎన్ని సీట్లు నిండాయో బయటివాళ్లకి తెలిసేది కాదు. ఆ ఏడాది డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లో జరిపే దోస్త్ వచ్చింది.  రాష్ట్రంలో నాలుగు లక్షలకు పైగా డిగ్రీ సీట్లుంటే దాదాపు సగం ఖాళీ అని అందరికీ కనపడింది. ఒక్కరు కూడా చేరని కాలేజీలు బయటపడ్డాయి. దోస్త్ వచ్చినందుకు నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. పల్లెటూరి పిల్ల ఏజెంటు చేతికి చిక్కకుండా, కాలేజీ మెట్లెక్కకుండా సీటు తెచ్చుకోగలగడం చిన్న విషయం కాదు.

కానీ ఆప్షన్లు పెట్టేది ఎక్కడో చూడండి. కొత్తపేటలో ఒక నెట్ సెంటర్‌లో జూన్ నెలలో నేను కూర్చుని చూశాను. పిల్ల మార్కుల మెమో ఇస్తుంది. కుర్రాడు స్క్రీన్ మీద నుంచి తల తిప్పకుండా, "బీకాం కంప్యూటర్సే గదక్కా?" అంటాడు. పిల్ల వాళ్ల నాన్న వైపు చూస్తుంది. నాన్న ఆ కుర్రాడి వైపు చూస్తాడు. అయిపోయింది. వెనక ఇంకా పదిమంది నిలబడ్డారు. ఏ కోర్సు బతకాలో, ఏది పోవాలో నిర్ణయించే అంకెలు ఇట్లా పుడతాయి. వాటిని డిమాండ్ అని ఉన్నత విద్యామండలి వాళ్లు రాసుకుంటారు.

మా కాలేజీలో ఆ అంకెలు ఒక కాగితం మీదికి వచ్చాయి. ఏప్రిల్ చివర్లో స్టాఫ్ మీటింగ్. అందరి ముందూ ఒక్కో షీటు. నాలుగు నిలువు గళ్లు. కోర్సు పేరు, మంజూరైన సీట్లు, చేరినవాళ్లు, లెక్చరర్ల జీతం. బీకాం కంప్యూటర్స్ రెండు సెక్షన్లూ నిండాయి. ఎంపీసీఎస్ ఫరవాలేదు. హెచ్‌ఈపీ దగ్గర అరవైకి పదకొండు అని ఉంది, దాని కింద ఎర్ర గీత. కరస్పాండెంట్ గారు మర్యాదస్తుడు. "మేడమ్, మీ సబ్జెక్ట్ అంటే నాకు గౌరవమే. పదకొండు మందికి ముగ్గురు లెక్చరర్లను ఎట్ల పోషించాలె చెప్పుండ్రి" అన్నారు. ఆయన బాధలో అబద్ధం లేదు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఏళ్ల తరబడి రాదు, బిల్డింగ్ అద్దె ప్రతి నెలా కట్టాలి.

ఆ షీటులో లేని సంగతులు నేను చెప్పాను. మూడేళ్ల కిందటిదాకా మాకు తెలుగు మీడియం బీఏ ఉండేది. అందులో అరవైకి యాభై తగ్గకుండా చేరేవాళ్లు. వాళ్లంతా దేవరకొండ, చండూరు, మునుగోడు, మాల్ వైపు పిల్లలు. తెలుగు మీడియం తీసేసి ఇంగ్లిషు మీడియం ఒక్కటే ఉంచారు, ఆ ఏడే సంఖ్య పడిపోయింది. కాలేజీ ముందు కట్టే ఫ్లెక్సీలో హెచ్‌ఈపీ పేరు వేయడం కూడా అప్పుడే మానేశారు. ఆ ముగ్గురు లెక్చరర్లలో ఎకనామిక్స్ సారు బీకాం వాళ్లకీ చెబుతారు, కనుక ఆయన జీతం మొత్తం బీఏ ఖాతాలో రాయడం సరికాదు. అందరూ విన్నారు. షీటు మారలేదు. కోర్సును ముందు మనమే బలహీనపరిచి, తర్వాత బలహీనంగా ఉందని తీసేయడం చాలా కాలేజీల్లో జరిగింది. మా దగ్గర జరిగింది నేను చూశాను కనుక చెబుతున్నాను.

చేరిన పదకొండు మందినీ బీకాంలోకి మారమన్నారు. కొందరు టీసీ తీసుకుని కోఠి వైపు వెళ్లారు. ఒక అమ్మాయి ఉండిపోయింది. హాస్టల్ ఇక్కడే, అన్న ఎల్‌బీ నగర్‌లో ఆటో నడుపుతాడు, దూరం పంపరు. ఇంటర్‌లో హెచ్‌ఈసీ చదివిన పిల్ల, అకౌంటెన్సీ జన్మలో చూడలేదు. మొదటి సెమిస్టర్‌లోనే మూడు బ్యాక్‌లాగులు. లైబ్రరీలో కనిపిస్తే, "మేడమ్, నాకు తెలిసింది అడిగితే రాస్త గద" అంది. కోర్సును తీసేసినప్పుడు ఖర్చు ఎంత మిగిలిందో రాసుకున్న చోటే, ఆ పిల్ల పోగొట్టుకున్న ఏడాది కూడా రాసుకుని ఉండాల్సింది.

2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామని అసెంబ్లీలో ప్రకటించింది. ఆ వారంలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో గదుల అద్దెలు పెరిగాయి. మెస్సుల ముందు క్యూలు, జిరాక్స్ షాపుల్లో అర్ధరాత్రిదాకా వెలుగు. గ్రూప్-2లో ఒక పేపరు మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే. గ్రూప్-1లోనూ అంతే. అవి కాక జనరల్ స్టడీస్‌లో దేశ చరిత్ర, రాష్ట్ర చరిత్ర. ఆ ఏడాది చివర్లోనే 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అందులో హిస్టరీ కూడా ఉంది. ఎవరికీ అక్కర్లేదని మేం ఎర్ర గీత పెట్టిన సబ్జెక్టు నాలుగైదేళ్లు తిరగకుండానే వీధి వీధిన అమ్ముడుపోయింది.

నా పాత విద్యార్థి ఒకతను ఒక సెంటర్‌లో హిస్టరీ చెబుతున్నాడు. రమ్మంటే వెళ్లాను. "మేడమ్, మీరొచ్చిన్రా, ముందు కూసోండ్రి" అని మొదటి బెంచీ ఖాళీ చేయించాడు. హాలు పొడవు ఎంతంటే వెనక సగానికి గోడ మీద టీవీలు పెట్టారు. మెడకి మైకు. బోర్డు మీద మూడు రంగుల పెన్నులు. కుతుబ్‌షాహీలు గంటన్నరలో అయిపోయారు. వంశావళి, రాజధాని, కట్టడం, రచన, బిరుదు. అతను తప్పు చెప్పలేదు, ఒక్క సంవత్సరం తడబడలేదు. పిల్లలు ఎంత శ్రద్ధగా రాసుకున్నారో చూస్తే నాకు కళ్లు చెమర్చాయి, మా క్లాసులో ఇంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు. చివర్లో బిట్లు. "హైదరాబాద్ నగరంలో దొరికిన అతి ప్రాచీన శాసనం ఎక్కడ ఉంది?" నాలుగు ఆప్షన్లు. హాలంతా ఒక్క గొంతుతో "చైతన్యపురి!" అంది.

ఆ హాలు నుంచి చైతన్యపురి ఒక్క మెట్రో స్టేషన్ దూరం. బయటికొచ్చాక మెట్ల దగ్గర కొందరిని అడిగాను, ఆ శాసనం చూశారా అని. చూసినవాళ్లు లేరు. అది మ్యూజియంలో ఉంటుందనుకున్నానని ఒకమ్మాయి చెప్పింది.

అది మ్యూజియంలో లేదు. మూసీ ఒడ్డున ఫణిగిరి కాలనీ దగ్గర, కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట బండ మీద ఉంది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. క్రీ.శ. 5వ శతాబ్దం, విష్ణుకుండినుల కాలం. గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం అక్కడ ఉండేదని అది చెబుతుంది. అంటే చార్మినార్ కట్టడానికి పదకొండు వందల ఏళ్ల ముందే మూసీ పక్కన ఈ రాళ్ల మధ్య భిక్షువులు ఉన్నారు, వాళ్లకి ఒక రాజు అండ ఉంది, రాతి మీద రాయించేటంత చదువు ఉంది. బీఏ రెండో ఏడాది పిల్లలను నేను ఏటా అక్కడికి తీసుకెళ్లేదాన్ని. ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లాలి, నడినెత్తిన ఎండ ఉంటే గాట్లు కనపడవు. ముందు ఎవరికీ ఏమీ కనపడదు. బండ మీద నీళ్లు కారిన చారలూ గాట్లూ కలిసిపోయి ఉంటాయి. కాసేపటికి ఎవరో ఒకరు "మేడమ్, ఇది గీత కాదు, అక్షరం" అంటారు. ఒక్క అక్షరం దొరికాక పక్కది దొరుకుతుంది. నేను అచ్చువేసిన బ్రాహ్మీ పట్టిక ఇచ్చేదాన్ని, దాన్ని పట్టుకుని గంటసేపు కుస్తీ పట్టేవాళ్లు. తర్వాత ప్రశ్నలు మొదలు. రాజు తెలుగువాడైతే ప్రాకృతంలో ఎందుకు రాయించాడు? బౌద్ధుల చోట నరసింహస్వామి గుడి ఎప్పుడొచ్చింది? మా నల్గొండ జిల్లా తుమ్మలగూడెంలో దొరికిన రాగి రేకులూ విష్ణుకుండినులవే కదా, వాళ్లు అటు నుంచి ఇటు వచ్చారా? ఈ ప్రశ్నల్లో సగానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ జవాబు వెతకడమే హిస్టరీ. ఇంకోసారి మూసారాంబాగ్ వెళ్లేవాళ్లం, గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి దగ్గరికి. 1798లో చనిపోయిన పరదేశి సమాధికి ఇక్కడివాళ్లు ఏటా దండం పెట్టడం ఎందుకు మొదలైందో అడిగి రాసుకురమ్మని పంపేదాన్ని. చుట్టుపక్కల బస్తీ ముసలమ్మలు చెప్పిన మాటలతో పిల్లలు నోటుబుక్కులు నింపుకొచ్చేవాళ్లు.

కోచింగ్ హాలు చేయలేని పని ఇది. వాళ్లను తప్పుపట్టడం లేదు. నాలుగు నెలల్లో సిలబస్ ముగించాల్సినవాళ్లు గుట్ట ఎక్కలేరు. అక్కడ చెప్పే ప్రతి జవాబూ ఎప్పుడో ఎవరో బండ దగ్గర కూర్చుని అక్షరం అక్షరం చదివితే వచ్చింది. ఆ చదివేవాళ్లను తయారుచేసే చోటు డిగ్రీ, పీజీ క్లాసులే. అవి పోతే బిట్ల పుస్తకం మిగులుతుంది, దానికి కొత్త పేజీ చేరదు. మా ఊళ్లో కరువు ఏడాది కూడా విత్తనాల గింజలు వండుకోరు. పదకొండు మంది క్లాసు నా దృష్టిలో ఆ గింజలే.

చిన్న క్లాసును కాపాడుకోవడం మన విశ్వవిద్యాలయాలకు తెలియని విద్య కాదు. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టింది. ఆ ఉర్దూ యూనివర్సిటీలో 1919లోనే తెలుగు శాఖ పెట్టి రాయప్రోలు సుబ్బారావు గారిని తెచ్చారు. తెలుగు బడులే అరుదైన నిజాం రాజ్యంలో, యూనివర్సిటీలో తెలుగు చదివేవాళ్లు ఎందరుంటారు? అయినా శాఖను ఉంచారు. ఉంచినందువల్లే డిగ్రీ దాకా ఉర్దూలో చదువుకున్న సినారె అక్కడ తెలుగు ఎంఏ చేయగలిగారు. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద అక్కడే పరిశోధన చేసి, ఆ దారిన రాష్ట్రమంతా వందల మంది నడవడానికి కారకులయ్యారు. మొదటి పదేళ్ల అడ్మిషన్లు చూసి ఎవరైనా ఎర్ర గీత పెట్టి ఉంటే మనకు ఏం పోయేదో ఆలోచించండి.

ఎర్ర గీత ఎవరూ పెట్టకుండానే నీరసించిన శాఖ ఒకటుంది, ఉస్మానియా ఖగోళశాస్త్ర శాఖ. దాని కథ రెండు కొసలూ మా వైపే. మాకు దగ్గరి ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఒక వేధశాల పెట్టుకున్నాడు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది, తర్వాత ఉస్మానియాకు ఇచ్చింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని పటం గీసే పని 1887లో పారిస్‌లో మొదలైంది. అందులో హైదరాబాద్‌కూ ఒక వాటా వచ్చింది. ఇక్కడి మనుషులు ఏళ్ల తరబడి రాత్రిళ్లు ఫోటో పలకలు తీసి, లక్షల నక్షత్రాల చోట్లు కొలిచి సంపుటాలు అచ్చువేశారు. టి.పి. భాస్కరన్ అనే భారతీయుడు డైరెక్టరుగా ఆ పని నడిపాడు. ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు తండ్రి ఆ వేధశాలలోనే ఉద్యోగి. బప్పు నిజాం కాలేజీలో చదివి, 1949లో ఒక తోకచుక్కకు తన పేరు తెచ్చుకున్నాడు. ఉస్మానియాలో 1959లో ఖగోళశాస్త్ర శాఖ వచ్చింది. 1964లో యూజీసీ దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి పోతే జపాల్-రంగాపూర్ గుట్ట. దాని మీద 1968 ప్రాంతంలో 48 అంగుళాల దూరదర్శిని పెట్టారు. ఆ రోజుల్లో దేశంలోనే పెద్దవాటిలో ఒకటది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు మా ఊళ్లో తలుపులు బిడాయించి మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు. రోలు రోకలి కూడా ముట్టనివ్వలేదు. అదే గంటలో రంగాపూర్ గుట్ట మీద ఉస్మానియా వాళ్లు గ్రహణాన్ని పరిశీలిస్తున్నారు. ఈ సంగతి నాకు డిగ్రీలో చేరాకగానీ తెలియలేదు.

ఖగోళశాస్త్రం ఎంఎస్సీలో ఎప్పుడూ పెద్ద క్లాసు లేదు. దేశంలోనే ఆ ఎంఎస్సీ ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కించొచ్చు. ప్రొఫెసర్లు రిటైరవుతూ పోయారు, ఆ ఖాళీలు నిండలేదు. చెప్పేవాళ్లు తగ్గితే చేరేవాళ్లు తగ్గారు. చేరేవాళ్లు తగ్గారు కనుక పోస్టులు అడగడానికి నోరు రాలేదు. నగరం వెలుతురు ఇబ్రహీంపట్నం దాకా పాకింది. రంగాపూర్ యంత్రం ఏళ్ల తరబడి వాడకం లేక పడి ఉంది. దూరదర్శినిని డబ్బు పెట్టి బాగుచేయొచ్చు. ఫోటో పలకను చూడగానే తేడా పట్టే కన్ను మాత్రం ఒక తరం పక్కన ఇంకో తరం రాత్రిళ్లు కూర్చుంటేనే వస్తుంది. మధ్యలో ఇరవై ఏళ్లు తెగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

నేను సమీక్షలు వద్దనే మనిషిని కాను. లెక్చరర్ లేకుండా, ల్యాబ్ లేకుండా రీయింబర్స్‌మెంట్ కోసం కాగితం మీద నడిచిన కోర్సులు ఈ రోడ్డు మీద నేను ఎన్నో చూశాను. వాటిలో చేరి మూడేళ్లు పోగొట్టుకున్న పిల్లల ముఖాలు గుర్తున్నాయి. అలాంటివి ఎంత త్వరగా మూస్తే అంత మేలు. కానీ ఒక్క ఏడాది అడ్మిషన్ల గడి చూసి కోర్సును తేల్చొద్దు. పదేళ్ల లెక్క తీయండి, ఆ పదేళ్లలో మీడియం మార్చారా, ఫీజు పెంచారా, ఫ్లెక్సీ నుంచి పేరు తీశారా అని పక్కన రాయండి. ఆ సబ్జెక్టు చెప్పే చోటు బస్సు చార్జీకి అందే దూరంలో ఇంకొకటి ఉందో లేదో చూడండి. ఎల్‌బీ నగర్‌లో ఆడపిల్ల చదవగలిగిన ఒకే ఒక హెచ్‌ఈపీని మూసి, నిజాం కాలేజీలో ఉంది కదా అనడం న్యాయం కాదు. ఇప్పుడు ఆ లెక్చరర్‌ను పంపిస్తే మళ్లీ అలాంటి మనిషి దొరకడానికి ఎన్నేళ్లు పడుతుందో అడగండి. మూయక తప్పదంటే, చేరిన పిల్లలు డిగ్రీ పూర్తి చేసేదాకా ఉంచి, కొత్త అడ్మిషన్లు ఆపి, మెల్లగా మూయండి. ఏఐసీటీఈ ఇంజనీరింగ్ కోర్సులకు ఆ వెసులుబాటు ఇచ్చినప్పుడు బీఏ పిల్లలకు ఎందుకు ఇవ్వకూడదు?

ఇంకో మార్గమూ ఉంది. నగరంలో కొన్ని పేరున్న కాలేజీలను కలిపి క్లస్టర్ అని మొదలుపెట్టారు, ఒక కాలేజీ పిల్ల ఇంకో కాలేజీలో ఒక సబ్జెక్టు చదువుకోవచ్చు. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా ఎన్ని డిగ్రీ కాలేజీలున్నాయో ఈ రోడ్డు మీద నడిచేవాళ్లకి తెలుసు. ఒక్కో దాంట్లో పదకొండు మందో ఎనిమిది మందో హిస్టరీ పిల్లలుంటే, నాలుగు కాలేజీలు కలిస్తే నిండు క్లాసు. మెట్రో ఉంది, స్టూడెంట్ బస్ పాసు ఉంది. జీతం నాలుగు చోట్ల పంచుకుంటే ఏ కరస్పాండెంటుకీ భారం కాదు. ఈ మాటే రాసి పోయిన వేసవిలో ఇద్దరు ప్రిన్సిపాళ్లకు ఇచ్చాను. ఒకరు యూనివర్సిటీ ఒప్పుకుంటే చూద్దామన్నారు. ఇంకొకరు ఎంతమంది చేరతారో పేర్లు, ఫోన్ నంబర్లు తెమ్మన్నారు. ఇంటర్ హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలున్న హాస్టళ్లకు ఇప్పుడు నేనూ, ఆ కోచింగ్ సెంటర్ అబ్బాయీ ఆదివారాలు వెళ్తున్నాం. దోస్త్ మొదటి విడత తెరుచుకోకముందే ఆ జాబితా ఆ ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టాలి.